డొంకూరు దాకా ఎగిరిన స్విమ్మింగ్‌పూల్ మూత

బంగారయ్య పలాసలో లాడ్జి కట్టాడు. కొత్త కట్టడాలకి కరెంటు పొదుపు రూల్సు వచ్చాయి. గదుల్లో వేడినీళ్లు ఇవ్వాలంటే మేడ మీద ఎండకి కాగే ఏర్పాటు ఉండాలట. సోమవారం ఆఫీసరొచ్చి చూస్తాడు. నీళ్లు కాగకపోతే లాడ్జి తెరవడానికి వీల్లేదు. పాపం, నెల రోజులుగా ఆయనకి నిద్ర లేదు. అందుకే పొద్దున్నే జగదాంబ టీ కొట్టులో, పైపుల పని చేసే మన్మథరావుని పట్టుకుని ఒక్క మాట అడిగాడు.

"బావా, నీకు సోలారు పనొచ్చునా?"

"ఏటి బావా, అలగడిగీసినావు? కవిటి కాడ గెస్టుహౌసుకి నీళ్లు కాయించినోడెవడనుకున్నావు? నాలుగు గదులు, ఓ స్విమ్మింగ్‌పూల్. రూలేటంటాది? పూల్‌లో నీళ్లు ఎండతోనే కాగాల, ఎవుడూ ఈదనప్పుడు మూతెయ్యాల, నేకపోతే నీళ్లలో ఏడంతా గాల్లోకి పోద్ది. ఇశాకపట్నం ఇంజనీర్లొచ్చి సేతులెత్తీసినారు. నానెల్లి ఒక్క పూటలో పేనళ్లు బిగించీసినాను. మద్దినానికి నీళ్లు గోరువెచ్చన. అంతే, ఇందులో గొప్పేటి లేదనుకో."

"కవిటిలో మేడ మీద ఎండెక్కడిది మావా? అంతా కొబ్బరి నీడే కదా!" అన్నాడు ఆటో నడిపే ఢిల్లీబాబు.

"అదే సెప్తన్నాను, ఇను! కొబ్బరిసెట్టుకి కత్తెట్టమంటే ఉద్దానపోడు ఒప్పుకుంటాడేటి? అది కన్నకొడుకుతో సమానం. నానేటి సేసినానో తెల్సా? మేడెక్కి, మీసం మెలేసి, ఒక్క గసురు గసిరినాను. ముప్పై సెట్లు! పెల్లికొడుక్కి దారిచ్చినట్టు అటు పదిహేను, ఇటు పదిహేను ఒరిగిపోనాయి. ఇప్పటికీ అలగే ఉన్నాయి, ఎల్లి సూసుకోండి."

బంగారయ్య ఇంకో టీ చెప్పాడు.

"ఆ తర్వాత ఏటైనాదో తెల్సా? అడ్డు తొలిగీసరికి ఎండ సక్కా దిగినాది. పూల్ కుతకుతలాడిపోనాది. గెస్టుహౌసు ఆవిడ బియ్యం మూటగట్టి దింపితే పది నిమిషాల్లో అన్నం. గెస్టులు టీపొడి గుడ్డలో కట్టి ముంచుకుని, గట్టు మీద కూకుని టీ తాగినారు."

"పంచదారో?" అంది జగదాంబ.

"ఆళ్లందరికీ సుగరు. ఇంతలోకి ఆఫీసరొచ్చినాడు. 'మూతున్నాదా?' అన్నాడు. ఏసి సూపించినాం. గట్టిదో కాదో అని మూత మజ్జిలోకి ఎల్లి కూకున్నాడు, సూడు, అక్కడే తప్పు సేసినాడు. కింద ఆవిరి! పూరీ పొంగినట్టు పొంగి మూత లేచిపోనాది, ఆఫీసరుతో పాటు! కొబ్బరితోటల మీంచి, ఇచ్ఛాపురం మీంచి, సముద్రపొడ్డున డొంకూరు దాకా!"

"ఓలమ్మో! పడిపోనేదా?" అంది జగదాంబ.

"నాను తాడు కట్టినాను కదేటి! తాడట్టుకుని ఎనకాలే మోటరుసైకిలు మీన నాను. 'సంతకమెట్టండి, దించుతాను' అన్నాను. ఆ పైనే సంతకమెట్టి కాయితం ఇసిరీసినాడు. అప్పుడు మెల్లగా లాగి డొంకూరు ఇసకలో దించినాను. పూల్ నీళ్లు సముద్రంలోకి వొదిలితే, డొంకూరోలు ఆ పూట వలలో ఉడికిన సేపలే లాగినారు. ఉప్పు సముద్రమే ఏసినాది, ఆళ్లు కారం కలుపుకున్నారంతే."

బంగారయ్యకి ఆ సంతకం మాటే చెవిలో పడింది. మిగతాది నమ్మాడో లేదో గానీ, జేబులోంచి లాడ్జి మేడ తాళం తీశాడు. మన్మథరావు మీసం దువ్వుకుంటూ చెయ్యి చాపాడు.

అప్పుడే మన్మథరావు పెళ్లాం రమణి బకెట్టుతో వచ్చింది. "జగదాంబక్కా, అత్తకి నీళ్లు పొయ్యాల" అంది. జగదాంబ పొయ్యి మీది వేడినీళ్లు నింపింది. రోజూ నింపేదే.

"అదేటమ్మా, మీ మేడ మీద సోలారున్నాది కదా?" అన్నాడు బంగారయ్య.

"నాలుగేళ్ల నుంచీ ఉన్నాదన్నయ్యా. కొబ్బరిసెట్టు నీడ పొద్దల్లా దాని మీదే. ఈయన పుట్టిన యేడు అత్త పాతిన సెట్టు, కత్తెట్టనిస్తాదేటి?"

"మరి మావ గసరనేదా?" అన్నాడు ఢిల్లీబాబు.

"గసిరినాడు. అత్త అంతకి రెండింతలు గసిరినాది. ఆవేళ నుంచీ నీళ్లు మొయ్యడం నా వంతైనాది."

కొట్టంతా నవ్వింది. మన్మథరావు మీసం మీంచి చెయ్యి దించేశాడు. బంగారయ్యకి మాత్రం నవ్వు రాలేదు, సోమవారం ఇంకా అలాగే ఉంది. తాళం రమణి చేతిలో పెట్టాడు.

"నీడెక్కడ పడతాదో నీకు తెలిసినంత ఎవులికీ తెల్దమ్మా. మేడ మీన నువ్వు సోటు సూపించు, బావ బిగిత్తాడు. బిగించినంతసేపూ నోరిప్పనీకు."

మన్మథరావు లేచి బకెట్టు అందుకున్నాడు. నీళ్లు చల్లారకముందే చేరాలని, ఇంటిదాకా ఒక్క మాటా మాట్లాడకుండా నడిచాడు.