ఆదివారం డ్యూటీ

అమెరికాలో షికాగో దగ్గరి షామ్‌బర్గ్, 1985 వేసవి. శనివారం సాయంత్రం. వంటింట్లో అత్త దీనమ్మ, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే కోడలు విమలకుమారి.

“మళ్ళీ అడుగుతున్నా విమలా. బియ్యం డబ్బా వెనకాల ఆ తుపాకీ బెల్టు ఎవరిదే?”

“అది... హాస్పిటల్‌దండి.”

“హాస్పిటల్లో రోగుల్ని కాల్చి చంపుతున్నారా?”

“అయ్యో, నాదేనండి. మెల్లగా అత్తయ్యా, ఆయన హాల్లో ఉన్నారు.”

“అబ్రహామా? వాడు టీవీ ముందు కూచుంటే గోదారి పొంగొచ్చినా లేవడు. చెప్పు, ఎవర్ని కాల్చావ్?”

“అట్టబొమ్మల్నండి! పోటీ అది. మా వార్డులో తెల్లమ్మాయి తీసుకెళ్ళింది. కూత వినపడగానే బెల్టులోంచి గన్ తీసి, పరిగెడుతూ, గోడల వెనకున్న బొమ్మల్ని టకటకా కొట్టాలి. తొందరగానూ కొట్టాలి, గురిగానూ కొట్టాలి.”

“అట్టబొమ్మ మీద అంత పగేంటే?”

“పగ కాదండీ, ఆట! ఇనప రేకులు కూడా ఉంటాయి. తగిలితే ఠంగుమని పడతాయి. వారమంతా చేసిన చాకిరీ ఆ ఠంగుతో ఎగిరిపోద్దండి.”

“మేమూ కొట్టేవాళ్ళం జొన్నచేలో, మంచెక్కి, ఒడిసెలతో. మా పిన్ని విసిరితే పిట్టలు లేచిపోయేవి. నేను విసిరితే మునసబుగారి గేదె కుంటేది. సర్లే, గెలిచావా?”

“ఆఖర్నొచ్చానండి.”

“ఆఖర్నా! ఛ!”

“కూత వినగానే భయమేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నానండి. ఆమేన్ అనేసరికి టైమంతా అయిపోతోంది.”

“అంత పొడుగు ప్రార్థన ఏంటే?”

“మీరు నేర్పిందేనండి.”

“అది పెళ్ళి భోజనాల ముందు చేసేదే పిచ్చిదానా! ప్రార్థన కార్లో కానిచ్చుకో. తుపాకీ పట్టాక కళ్ళు తెరుచుకో.”

“ఇంకెక్కడి తుపాకీ అత్తయ్యా. ఆదివారం డ్యూటీ ఉందని అబద్ధాలాడి వెళ్తున్నా. మీరిద్దరూ చర్చిలో మోకాళ్ళ మీదుంటే, నేనక్కడ ఠంగు ఠంగుమని... వద్దులెండి. రేపు పోటీకి వెళ్ళను. ఇప్పుడే ఆయనతో చెప్పేసి మానేస్తా.”

“ఆగు, ఆగు! ఎందుకు మానెయ్యడం?”

“ఇప్పటిదాకా తిట్టింది మీరే కదండీ?”

“తిట్టడం అత్త పని. తిట్టేశా, అయిపోయింది. రేపు వెళ్ళు.”

“చర్చి ఎగ్గొట్టి? మీరా చెప్పేది?”

“దేవుడు అన్ని చోట్లా ఉంటాడే. అట్టబొమ్మల దగ్గరుండడా?”

“అత్తయ్యా, పోయిన ఆదివారం పాస్టరయ్యగారు ఏం వాక్యం చెప్పారండీ?”

“చెప్పారు... బాగా చెప్పారు. పేతురు గురించి.”

“పేతురు గురించి ఏం చెప్పారు?”

“పేతురూ... పడవా... వలా... అవీ ఇవీ. పొయ్యి మీద ఏదో మాడుతోంది, చూడు.”

“పొయ్యే వెలిగించలేదండి. నేను డ్యూటీ అని వెళ్ళిన ఆదివారాలే కదా మనింట్లో చేపల పులుసు? అంత తాజా చేప, చర్చి నుంచొస్తూ ఏ కొట్లో కొంటున్నారూ?”

“అబ్బ, ఏం గురి పెట్టావే! ఆ గురేదో రేపక్కడ పెట్టరాదూ?”

“అత్తయ్యా!”

“అరవకే, వాడు వింటాడు. వాడికి గాలం కొనిపించిందే నేను. నువ్వుగానీ ఆ ఆట మానేశావంటే, ఆదివారం ఆదివారం మేం కూడా చర్చికి వెళ్ళాల్సొస్తుందే తల్లీ!”