రెండు నిలువు గీతల పక్షాన

పందొమ్మిది వందల తొంభై రెండు జూలై ఆరవ తేదీ, సోమవారం ఉదయం మేడమ్ గారు మా కళాశాల గణితశాఖలో తాత్కాలిక అధ్యాపకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. వాణిజ్యశాఖవాళ్లం మనుషులను కూడా లాభనష్టాల తూకంలోనే చూస్తాం గనుక, ఆవిడ రాకతో ఈ సంస్థకు మిగిలిన లాభమేమిటో ఈ వీడ్కోలు వేళ చెప్పడం మా విధి.

భిన్నాన్ని సమాకలనం, అదే ఇంటిగ్రేషన్, చేయమనగానే ఆవిడ తరగతిలో ఎవరూ లాగ్ అని రాసేయకూడదు. ముందు హారాన్ని అవకలనం చేయాలి; లవంలో ఉన్నది వస్తేనే లాగ్ అనే ఆ సహజ సంవర్గమానానికి అర్హత. "సరుకు చూడకుండా మూట కట్టొద్దురా" అనేవారు. వర్తకుల పిల్లలకు ఆ మాట ఇట్టే ఎక్కేది.

చేరిన రెండో ఏడు వార్షిక పరీక్షలో ఒకటి బై ఎక్స్‌ను మైనస్ మూడు నుంచి మైనస్ ఒకటి వరకు సమాకలనం చేయమన్నారు. రుణసంఖ్యలకు లాగ్ లేదు గనుక జవాబే లేదని, పేపర్లు దిద్దేవారికిచ్చిన కీ చెప్పింది. నిజానికి ఎక్స్‌కు అటూ ఇటూ రెండు నిలువు గీతలు గీస్తే రుణగుర్తు తొలగి, మైనస్ లాగ్ మూడు అని చక్కగా జవాబు వస్తుంది. ఆవిడ విద్యార్థులందరూ అదే రాశారు, అందరికీ సున్నాలే. వారిలో కొందరు ఆ మార్కులు లేకుంటే గట్టెక్కరు. కీ తయారుచేసినవారు శాఖాధిపతి, ఒకప్పుడు ఆవిడకే పాఠం చెప్పిన గురువు. ఆవిడ ఉద్యోగం ఖాయం కావాలంటే ఆయన సంతకమే కావాలి.

"ఏరు దాటకముందే తెప్ప తగలేసుకుంటావా అక్కా?" అని తోటి అధ్యాపకురాలు వారించారు. ఇంట్లో అత్తగారు మాత్రం, "నువ్వు చెప్పిందే కదమ్మా వాళ్లు రాసింది. నువ్వు కాకపోతే ఇంకెవరు అడుగుతారు?" అన్నారట.

మర్నాడు ఆవిడ ఆయన గదికి వెళ్లి సంగతి విన్నవించారు.

"నా దగ్గర నేర్చుకుని నాకే పాఠమా?"

"కాదు సార్. మీరు నేర్పిన గీతలు కీలో కనబడక, వెతుక్కుంటూ వచ్చాను."

ఆయన సుద్దముక్క అందుకుని బల్ల మీదే వక్రరేఖ గీశారు. అక్షానికి దిగువన, రెండు హద్దుల నడుమ, వైశాల్యం కళ్లెదుటే ఉంది. "ఇంత చోటు పెట్టుకుని ఏమీ లేదని ఎలా రాశానమ్మా" అంటూ కీ సవరించి, పేపర్లన్నీ మళ్లీ దిద్దించారు. ఆవిడ ఉద్యోగపు కాగితం మీద ఆ సాయంత్రమే సంతకం చేశారు.

కాలక్రమంలో ఆ కుర్చీలోకే వచ్చిన మేడమ్ గారు, ప్రతి కీలోనూ శాఖలో అందరికన్నా కొత్తగా చేరినవారి చేత తప్పులు పట్టించే పద్ధతి పెట్టారు. ఆవిడ మాకు మిగిల్చిన అసలైన లాభం అదే. ఈ వేసవిలో ఆవిడ చేసిన చివరి కీలో జవాబు చివర కలపాల్సిన 'ప్లస్ సి', ఆ సమాకలన స్థిరాంకం, మరిచారని కొత్త అధ్యాపకుడొకరు బెరుగ్గా చెప్పగా, ఆవిడ నవ్వి, "బతికించావు నాయనా, ఇక నిశ్చింతగా ఇంటికి వెళ్తాను" అన్నారు.

పోనుపోనూ సంవర్గమాన రేఖకు వాలు తగ్గుతుందే గాని, ఎక్కడం ఆగదు. మేడమ్ గారి అడుగు ఇకపై నెమ్మదిస్తే నెమ్మదించనీ. ఆయురారోగ్యాలతో, కుటుంబసభ్యుల నడుమ, ఆ నడక చిరకాలం పైపైకే సాగాలని కృతజ్ఞతతో కోరుకుంటున్నాం.