లీవు అడగని కెప్టెన్

హన్మాండ్లుకు కావలసింది ఒక్కటే, లీవు కాగితం. ఇల్లు వదిలి దోహా వచ్చి మూడేళ్ళు. తనొచ్చాక పుట్టిన బిడ్డను ఫోన్లో తప్ప చూడలేదు. ఇవాళ లేబర్ క్యాంపు బస్సు కదిలేలోపు కాగితం అందులో ఉన్న ఫోర్‌మన్ చేతిలో పడకపోతే మళ్ళీ వచ్చే ఏడాదే. ఇంగ్లీషులో రాసిపెడతానన్న జడ్సన్ సారేమో చర్చి నుంచి నేరుగా ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ ఏరియాలోని టీ కొట్టుకొచ్చి, పెన్ను మూత తీసి, కథ మొదలుపెట్టాడు.

"మాది అమలాపురమే అనుకుంటున్నావేమో. కాదయ్యా. మా మూలపురుషుడు ఎబినేజరు గారు అమెరికా నేవీలో కెప్టెన్. ఆ దేశం పుట్టిన కొత్తలో, పన్నెండో ఏట ఓడెక్కాడు. ఊరికే, డెక్కు కడగడానికి."

"క్లీనింగ్ డ్యూటీయా?" అన్నాడు హన్మాండ్లు. అంతవరకు అర్థమైంది.

"ఆఁ. పదహారుకల్లా లెఫ్టినెంటు. ఇంగ్లీషోళ్ళ ఓడలు మూడు చుట్టుముడితే పెద్దాఫీసరు మూర్ఛపోయాడు, ఈయన చుక్కాని పట్టి ఒకదాన్ని ముంచి, ఇంకోదాన్ని పట్టి, మూడోదానిచేత దండం పెట్టించుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి ఆగిపోయింది. మోకు నడుముకి కట్టుకుని సముద్రంలో దూకి, ఓడని ఈడ్చుకుంటూ ఈదాడు, ఈ దోహా దాకా."

"ఫిరంగులతో సహానా?" అన్నాడు హన్మాండ్లు రూమ్మేటు గజేందర్.

"ఫిరంగులు, నూట ఎనభైమంది మనుషులు, వంటవాడి మేక. ఇక్కడికొచ్చి దాహమేసి నాలుగు దోసిళ్ళు తాగేసరికి సముద్రం అరమైలు వెనక్కి జరిగింది. ఆ జాగాలోనే మనం టీ తాగుతున్నాం."

హన్మాండ్లు కాళ్ళకింద నేల చూసుకున్నాడు. అమెరికా ఎక్కడ, అమలాపురం ఎక్కడ, ఈ టీ కొట్టెక్కడ? బుర్ర తిరిగిపోతోంది. కాగితం మీద ఒక్క అక్షరం పడలేదు. అవతల బస్సు హారన్ కొట్టింది.

"నలభై ఏళ్ళ సర్వీసయ్యా. నేలమీద కాలు పెట్టలేదు. ఓడలోనే పోయాడు. ఒక్కనాడు లీవు అడగలేదు."

"నలభై ఏండ్లు లీవ్ మాఫీ, అసలే లేదా సార్? ఇంటికే పోలేదా?"

"పోలేదు."

"ఓడల ఆడోళ్ళు ఉంటరా?"

"నేవీ ఓడలో ఆడవాళ్ళెందుకుంటారు?"

"మరి మీరంతా ఎట్ల పుట్టిన్రు సార్?"

గజేందర్‌కు టీ పొలమారింది. హన్మాండ్లు మాత్రం నవ్వలేదు.

"నాకు సమజ్ గాక అడిగిన సార్. నా బిడ్డకు నాయిన అంటే ఫోనే. ఆ ఫోన్‌కే బువ్వ పెడ్తది."

జడ్సన్ కాగితం దగ్గరికి లాక్కుని గబగబా రాశాడు. గజేందర్ తొంగిచూశాడు. "అరవై రోజులా?"

"నేనడిగింది ముప్పయ్యే సార్," అన్నాడు హన్మాండ్లు కంగారుగా.

"తక్కువ చెప్పడం నాకు చేతకాదయ్యా. పరుగెత్తు, బస్సు కదులుతోంది."