గంగాదేవి పాసుపోర్టు

"ఇంగా గిన్నెలు తోముతానే ఉండావా? బస్సు నిండిపోయింది, పా!"

1990 సెప్టెంబరు. ఇరాక్ సైన్యం కువైట్‌ను మింగి నెల దాటింది. రుమైతియా ఏరియాలో గంగాదేవి పనిచేసే ఇంటి వంటగదిలో, ఆమె మొగుడు పెంచల్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"గొంతు తగ్గించు. సందు చివర సైనికులుండారు."

"ఉండనీ. జోర్డాన్‌లో అమ్మాన్ దాకా నేనే డ్రైవర్ని, ఆడినుంచి ఇండియాకు ఇమానం. మళ్లా ఇట్లాంటి బస్సు దొరుకుతాదా? పాసుపోర్టు యాడ పెట్టినావు?"

"నీళ్లు తాగుతావా?"

"పాసుపోర్టు, గంగా!"

"భద్రంగానే ఉంది."

"నువ్వు 'మామా' అని పిలిచే ఆ కువైటీ యజమానురాలు ఇయ్యలేదా? యాడుంది ఆమె? నేనే అడుగుతా."

"మామా ఇంట్లో లేదు. ఇరాకోళ్లు వచ్చిన మొదటి వారమే పాసుపోర్టు నా చేతికిచ్చేసింది, మహాతల్లి."

"మరేంది ఈ నాన్చుడు?"

"చెత్త సంచి ఇయ్యాల బయాన్ ఏరియాకు పోవాల."

"చెత్తా? నీకేమన్నా పిచ్చా?"

"అడుగున, సైన్యం మీద తిరగబడినోళ్ల రహస్య చీటీలుంటాయి. ఇరాకోళ్లు చెత్తను తుపాకీతో గూడా ముట్టరు. రుమైతియా వాళ్లకు బయాన్ వాళ్లు ఎవురో తెల్దు, బయాన్ వాళ్లకు సల్వా వాళ్లు తెల్దు. ఒగరు దొరికినా ఇంగొగరి పేరు చెప్పలేరు. నడిమధ్య తిరిగేది నేనొక్కదాన్నే."

"ఓరి దేవుడా! నిన్ను దీంట్లోకి దింపింది ఎవురు?"

"మామానే. మూడు ఏరియాలూ ఆమె చేతికిందనే నడుస్తాండాయి."

"వాళ్ల దేశం, వాళ్ల కొట్లాట. మనం కూలికొచ్చినోళ్లం!"

"మీ కంపెనీవాడు పారిపోతే మంగఫ్ క్యాంపులో మీ నలభైమందికి రొట్టెలు పంపింది ఎవురు? మామా మనుషులే. కమ్మగుండాయి అంటివే!"

"...తిన్నా. కాదన్లా. రాయచోటిలో బిడ్డ ఉందిమే. నాకు భయంగా ఉంది. నువ్వు రాకుంటే నేను గూడా పోను."

"నువ్వు పోవాల. బస్సులో అరవై మందుండారు. నువ్వు నడపకుంటే వాళ్ల గతేంది?"

"నువ్వు రాకుంటే నా గతేంది?"

"నాకు మాత్రం భయం లేదా? నిన్న మామా పేరు పట్టుకోని ఇల్లిల్లూ ఎతికినారు. ఆమె దొరికితే మూడు ఏరియాల మనుషులూ పోతారు, నాతో సహా."

"అందుకే రమ్మంటాండా! పట్టీలో నీ పేరుంది. రెండో వరసలో సీటు పెట్టించినా."

"ఆ సీటు ఖాళీగా లేదులే."

"ఎవురు కూచున్నారు? ఇప్పుడే పోయి దించేస్తా—"

"దించబాకు! నా నీలం చీర కట్టించి, బొట్టు పెట్టి, పాసుపోర్టు చేతికిచ్చి నేనే పంపినా."

"గంగా... మామానా? నీ ఫొటో ఉంది గదమే దాంట్లో!"

"ఆ ఫొటోలో నేనే నా మాదిరి లేను. నోరు తెరిస్తే అరబ్బీ వస్తాది, మూగదని చెప్పు."

"నేను... ఎట్ల..."

"బార్డర్‌లో ఎవురన్నా అడిగితే, నా పెండ్లాం అని చెప్పు."