వీడ్కోలు చెప్పే ముఖాల కోసం వెలుగు

1987 అక్టోబరు ఐదవ తేదీన, పొగమంచు ఇంకా పట్టాలను వదలని ఉదయాన, శ్రీమతి జ్లాతినా పెయెవా గారు బల్గేరియాలోని మా ద్రెనోవిత్సా స్టేషను విద్యుద్దీపాల విభాగంలో సహాయ ఇంజనీరుగా చేరారు. తొలి సంవత్సరాలు సిగ్నల్ దీపాల నడుమ గడిచాయి. తరువాత, నేను భాష బోధించే రైల్వే శిక్షణ పాఠశాలకు వారానికొకసారి వచ్చి పాఠం చెప్పేవారు. "చీకటిని పూర్తిగా తరిమెయ్యకండర్రా, దానికీ ఓ మూల ఉంచండి" అనేవారు విద్యార్థులతో.

స్టేషను ఆధునికీకరణలో దీపాల రూపకల్పన వారిదే. పైకప్పు నిండా అమర్చిన దీపాల వరుసలు నునుపైన రాతినేలలో ప్రతిఫలించి, లోపల నడిచేవారికి నిదానంగా పారే నదిమీద తేలుతున్నట్లుండేది. జాతీయ బహుమతి పరిశీలకులు రావలసి ఉంది. అయితే అంతటి ప్రజ్ఞావంతురాలైన జ్లాతినా గారూ ఒకటి మరిచారు. దారి సాఫీగా సాగాలని, ప్రయాణమయ్యేవారి ముందు మా వైపు నేలమీద నీళ్లు పోస్తాం.

కొత్త దీపాలు ప్రారంభమైన వారంలోనే మా ఊరి స్తమేనా అవ్వ, పరీక్షకు వెళ్తున్న మనవరాలి ముందు రాగిచెంబుతో నీళ్లు కుమ్మరించింది. తడినేల భగ్గున మెరిసింది. కళ్లు చెదిరి ఆ అమ్మాయి జారిపడింది.

స్టేషన్ మాస్టర్ దోబ్రెవ్ గారు పరుగున వచ్చారు. "రేపట్నుంచి లోపల నీళ్లు పొయ్యడం బంద్. బోర్డు పెట్టిస్తా."

"మీ ఆవిడ నీకు ఎదురొచ్చి ఏం పోస్తుంది నాయనా, సిమెంటా?" అంది అవ్వ, మనవరాలి మోకాలు తుడుస్తూ.

జ్లాతినా గారు వంగి నేలను చూశారు. "నీళ్లది తప్పు కాదండీ. నా దీపాలది."

"బహుమతి వాళ్లొచ్చేది ఈ మెరుపు చూడ్డానికేనమ్మా!" అన్నారు దోబ్రెవ్ గారు.

"అయితే రావొద్దని చెప్పండి."

పైవరుసలను ఆర్పించి, స్తంభాల పక్కనుంచి మెత్తని వెలుగు పడేట్లు వారు అంతా మళ్లీ అమర్చారు. నది మాయమైంది. బహుమతి వేరే నగరానికి వెళ్లింది. తడినేల ఇప్పుడు మెరవదు. దానిమీద నిలబడిన మనుషుల ముఖాలు మాత్రం తెల్లవారుజామున కిటికీ దగ్గర ఉన్నట్లు కనిపిస్తాయి.

గత శీతాకాలం మావారిని శస్త్రచికిత్సకు సోఫియా పంపుతూ నేనూ నీళ్లు పోశాను. ఆయన తిరిగి రాలేదు. రైలెక్కేముందు ఒకసారి వెనుదిరిగి నవ్వారు. అది నాకు స్పష్టంగా కనిపించింది.

జ్లాతినా గారూ, ఈ పదవీ విరమణ వేళ మీకు నిండు ఆరోగ్యం, తొందరలేని ఉదయాలు, దీర్ఘాయుష్షు కలగాలని మా అందరి ఆకాంక్ష. మీరు ప్రేమించేవారు చాలా ఏళ్లు మీ కళ్లెదుటే ఉందురుగాక.