షావుకారు కూకోని కుర్సీ

ఎందుకు నవ్వినావు నాయినమ్మా అంటావేటి. నవ్వొచ్చింది, నవ్వినాను. అంతమందిలో పరువు తీసీసినానని నీ మొకం మాడిపోనాది గాని, ఏటి సెయ్యమంటావు యశస్వినీ, డెబ్బయ్యారేళ్లొచ్చినాయి, ఇంక ఏదీ ఆపుకోలేను. ఉండు, ఈ మెట్టు మీద కూసింతసేపు కూకోనీ. మోకాళ్లు పట్టీసినాయి. ఆ గార్డు ప్లాస్టిక్ స్టూలిత్తానన్నాడు, మంచోడే, నానే వద్దన్నాను. నాకు నేలే బాగుంటాది. నీకు ఇయ్యేళ సెలవు గదా, పనికెల్లీ అచ్యుతాపురం బస్సు తప్పిపోతాదన్న గొడవ నేదు. నువ్వూ కూకో. ఈ షావుకారు మేడ ముందరి మెట్లు నాను అప్పట్లో ఒక్కపాలి కూడా ఎక్కనేదు. మాకు ఎనకాల సందే దారి. ఇప్పుడు మూజియం సేసీసినారు గదా, టిక్కెట్టు కొని ఎక్కినాను, అదీ నీ దయ.

నోపల ఆ కుర్రోడు, మెడలో కార్డేసుకున్నోడు, ఏటన్నాడు? "ఈ కుర్చీలోనే షావుకారు గారు ముప్పై ఏళ్లు కూర్చుని వ్యాపారం నడిపారండి, కూర్చుని కూర్చుని మధ్యలో ఎలా పల్లం పడిందో చూడండి, అయినా అల్లిక చెక్కుచెదరలేదు" అనీసి, పాఠం అప్పజెప్పినట్టు సెప్పుకుపోతన్నాడు. అందరూ ఎర్రతాడు కాడ వొంగి వొంగి పోటోలు తీత్తన్నారు. ఒకావిడైతే దండవెట్టింది. మరి నవ్వు రాదేటి? షావుకారు ఆ కుర్సీలో ఒక్కనాడూ కూకోనేదమ్మీ. ఒక్క చనం కూడా కూకోనేదు. ఆ పల్లం ఎవులిదో నాకు తెలుసు.

మీ తాతని నువ్వు సూడనేదు. మీ నాన్నకే సరిగ్గా గేపకం నేదు, ఇంక నీకేటి తెలుస్తాది. గవర్రాజంటే ఈ వన్ టౌన్లో మేడలున్నోళ్లందరికీ తెలుసు. పేము కుర్సీలు అల్లీవోడు. పేముని తొట్టిలో నానబెట్టి, తడిమీదే లాగి అల్లాల. అదారితే బిగుసుకుని, ఏలితో కొడితే డప్పులాగ మోగాల. ఆరీదాకా ఎవులూ కూకోకూడదు. తడిమీద కూకున్నావో, పల్లం పడిపోతాది, ఆ పల్లం మరి పోదు. పేము లాగి లాగి ఆయన సేతి ఏళ్లన్నీ కోసుకుపోయీవి. ఉప్పూ కారం తగిల్తే బగ్గుమనీవి, అందుకని అన్నం నానే కలిపి ముద్దలు పెట్టీదాన్ని. సూసినోళ్లు ముద్దు సేత్తందనీవోరు. ముద్దూ నేదు, ముచ్చటా నేదు, ఏళ్లు మంటలు. ఆ, ఏటి సెప్తన్నాను? ఆరినాక అల్లినోడు ఒకపాలి కూకుని సూడాల, అది పనోడి పద్దతి. వాళ్లయ్య అలగే నేర్పినాడంట. గాని పెద్దోళ్ల కుర్సీలో మనల్ని కూకోనిత్తారేటి? ఇసక సంచీ తెచ్చుకునీవోడు. సంచీని కూకోబెట్టి, పక్కన నిలబడి సూసుకునీవోడు. ఎన్ని వందల కుర్సీలల్లినాడో, ఒక్కదాంట్లో కూకోనేదు. మనింట్లో కుర్సీ ఎక్కడిది, ఈతాకు సాపే గతి.

ఎలగ పోల్చినావంటావా? మీ తాతది పుర్రసెయ్యి. అందరూ ఆకరి ముడి కుడేపు ఏత్తే ఈయన ఎడమేపు ఏసీవోడు. తాడు మీంచి వొంగితే ఆ గార్డు "అమ్మా, అమ్మా" అన్నాడే, అప్పుడు సూసినాను. ఎడమేపునే ఉన్నాది, మెంతిగింజంత ముడి. మిగతా కుర్సీలన్నిటికీ ప్లాస్టిక్ వైరు ఏసీసినారు, సూసినావు గదా. ఇదొక్కటే మిగిలింది. ఎందుకు మిగిలిందో ఆ కార్డు కుర్రోడికి తెల్దు.

నాను సేసిన పనే అది. మీ నాన్న కడుపులో ఉన్నాడు, ఐదో నెల. ఎండలో సద్ది పట్టుకుని ఈ మేడకి నడిసొచ్చినాను. కాళ్లు ఉబ్బిపోనాయి, నడుం ఇరిగిపోతన్నాది. మీ తాత నూతికాడ సేతులు కడుక్కోడానికెల్లినాడు. ఎనక వసారాలో అప్పుడే అల్లిన కుర్సీ, తడి కూడా ఆరనేదు. నాకు తెలుసు, కూకోకూడదని తెలుసు. తెలిసీ కూకున్నాను. పేనం అలగ ఉసూరుమంటంటే పద్దతులేటి గుర్తొత్తాయి. ఎంతసేపు, ఒక ఆవలింత తీసినంత సేపు. మీ తాతొచ్చి సూసినాడు. గబగబా నన్ను లేపి, కిందనుంచి తడిగుడ్డెట్టి ఆ పల్లాన్ని పైకి నొక్కుతన్నాడు. అంతలో షావుకారొచ్చీసినాడు. "ఎవడ్రా ఇందులో కూర్చుంది?" మీ తాత నాకేసి సూడనైనా సూడనేదు. సేతులు కట్టుకుని "నానే బాబూ, బుద్ది గడ్డి తిన్నాది" అన్నాడు. నాను పక్కనే ఉన్నాను. సద్దిగిన్నె పట్టుకుని గోడేపు జరిగినాను. "నువ్వు కూర్చున్న దాంట్లో నేను కూర్చోవాలా? దీన్ని అటక మీద పడేయండి. వీడింక ఈ గడప తొక్కకూడదు." అంతే. ఈ మేడ మాటే మిగతా మేడలకీ మాట. నెల తిరక్కుండా అల్లడానికి కుర్సీ నేదు. పుర్రసేత్తో అంత సన్నటి ముడేసిన మనిషి బొగ్గు మోతకెల్లినాడు. దగ్గు పట్టుకున్నాది, మరి వదల్నేదు. మీ నాన్నకి ఎనిమిదో ఏడు ఎల్లకుండా పోనాడు.

ఎల్లి ఆ కుర్రోడికి సెప్పీద్దామంటావేటి? వద్దు తల్లీ. షావుకారు పేరునే ఉండనీ. మీ నాన్నకే సెప్పనేదు నాను, నీ వల్లే నాన్న పోనాడంటాడేమోనని. నువ్వు అనుకుంటే అనుకో, ఇంక ఓపిక నేదు దాసడానికి. గాని నాకు బాద ఆ తిట్లు కాదమ్మీ, ఆ పని పోడం కూడా కాదు.

ఆ మాపిటేల ఇంటికెల్తన్నాం. పేము కట్ట బుజానేసుకుని ముందు నడుత్తన్నాడు. నాను ఎనకాల ఏడుసుకుంటా వత్తన్నాను. కొడతాడనుకున్నాను. ఆగినాడు. ఎనక్కి తిరిగి "ఎలగుందే?" అన్నాడు. ఏటి ఎలగుంది అన్నాను. "కుర్సీయే. నువ్వు కూకున్నావు గదా, ఎలగుంది?" మొకం సూసినాను, కోపం నేదు. నిజింగానే అడుగుతన్నాడు. అన్ని అల్లినాడు గాని ఆయనకి తెల్దు గదా, సెప్పినోళ్లెవులు. నాకేమో బయ్యం. బాగుందంటే తప్పు ఇంకా పెద్దదయిపోతాదేమోనని, "ఏమో, నాకు తెల్దు" అనీసినాను. "ఓహో" అన్నాడు. నడిసీసినాడు. తరవాత ఎనిమిదేళ్ల దాకా బతికినాడు, మళ్లీ అడగనేదు. రేత్రీ పగలూ దగ్గుతంటే ఈపు రాసినాను గాని, సెప్పనేదు. రేపు సెప్దాం, రేపు సెప్దాం అనుకున్నాను.

తెలవకేటమ్మీ. కూకోగానే నొప్పంతా సేత్తో తీసీసినట్టు పోనాది.

ఆ నీళ్ల సీసా ఇలగియ్యి.