తేదీ పెట్టె

ఆఫీసులో మూడో అంతస్తు, చివరి గది. చూపు లేనివాళ్ళు వెబ్‌సైట్లని ఎవరి సాయమూ లేకుండా వాడుకోగలరో లేదో పరీక్షించే చోటు. ఆ పని చేసేది ఇద్దరే, భార్యాభర్తలు. భోజనాల వేళ.

"పెట్టను. ఇంకో పదిసార్లు అడిగినా పెట్టనంటే పెట్టను."

"అరవకు ఆపరేటరూ. పక్కగదిలోకి వినిపిస్తుంది."

"వినిపించనివ్వండి. ఇరవై ఆరేళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో కూర్చున్న గొంతు ఇది, గోడలకి ఆగదు. మీరు సంతకం పెట్టేసి వచ్చి, నన్నూ పెట్టమంటారేంటి మాస్టారూ?"

"మూడింటికల్లా రెండు సంతకాలూ కావాలన్నారు మేనేజరు. నాది అయింది. ఇక నీదే."

"మీది ఎలా అయిందనే నేనడిగేది."

"పరీక్ష చేశాను. దాటింది. పెట్టాను."

"ఏం దాటింది?"

"అన్నీ."

"అన్నీ అంటే? పేరు రాసే చోటు నేనూ దాటాను. రోగి వార్డు నంబరూ దాటాను. తేదీ పెట్టె దగ్గర కదా ఆగిపోయింది! ట్యాబ్ నొక్కితే కంప్యూటర్లో తెర చదివే చిలక 'తేదీ ఎంచుకోండి' అంటుంది. ఇంకోసారి నొక్కితే 'ఆసుపత్రి చిరునామా' అంటుంది. మధ్యలో ముప్ఫై రోజులున్నాయి, ఒక్కటీ పలకదు. రెండు నిమిషాలు కాగానే 'గడువు ముగిసింది, మొదటినుంచి ప్రారంభించండి'. ఒకరిది ఒకరికి వినపడకూడదని ఎదురుగదిలో కూర్చుని, పొద్దుట్నుంచి నలభై ఒక్కసార్లు ప్రారంభించాను మాస్టారూ."

"నీ చిలక పాతబడింది. నాది బాగానే చదివింది."

"మీ చిలకనీ నా చిలకనీ ఒకేరోజు వేశారు. తెరమీద ఉన్నది చదివి వినిపించడమే వాటి పని, లేనిది కల్పించి చెప్పడం కాదు. నవ్వుతున్న నర్సు బొమ్మని మాత్రం తొమ్మిదిసార్లు చదివింది. 'బొమ్మ, నవ్వుతున్న నర్సు. బొమ్మ, పూలకుండీ. బొమ్మ, నవ్వుతున్న నర్సు.' ఆవిడ ఎవర్ని చూసి నవ్వుతోందో నాకిప్పుడు అర్థమైంది."

"నీకు ప్రతిదీ వేళాకోళమే."

"వేళాకోళం కాదు. ఏ మీటలు నొక్కారో చెప్పండి. నేనూ అవే నొక్కుతాను. దాటితే ఇప్పుడే, ఇక్కడే సంతకం పెడతాను."

"అన్నం తిందాం రా ముందు."

"మీటలు."

"గుర్తులేవు."

"గుర్తులేవా! పెళ్ళినాడు మా పిన్ని మిమ్మల్ని ఏమందో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్తారే. రెండు గంటల కింద నొక్కిన మీటలు గుర్తులేవా?"

"బాణం మీటలు... అటూ ఇటూ..."

"నొక్కాను. కదల్లేదు."

"స్పేసు."

"నొక్కాను."

"అయితే నా అదృష్టం అనుకో."

"ముప్ఫై గడుల్లో సరిగ్గా అడిగిన గడే పడటం అదృష్టమా?"

"ఆపరేటరూ, ఈ నెలాఖరుకి మన ఒప్పందం అయిపోతుంది. ఈ సైటు ఆసుపత్రికి వెళ్ళకపోతే ఈ గదికి తాళం వేస్తారు. నీకు యాభై ఎనిమిది, నాకు అరవై ఒకటి. మళ్ళీ మనల్నెవరు పిలుస్తారు?"

"పిలవకపోతే పోయె. రేపట్నుంచి ఆసుపత్రిలో ఫోను తీసేస్తారట, విన్నారా? లోపలున్న మనిషి దగ్గరికి వెళ్ళాలంటే ఈ సైటులో తేదీ తీసుకోవాల్సిందే. తీసుకోలేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు."

"విన్నాను."

"ఆ ఫోను ఉండబట్టే నేను మా అమ్మ దగ్గరికి వెళ్ళగలిగాను. ఎనిమిదింటికి ఫోను చేశాను. పదింటికి లోపలికి పంపారు. పదకొండింటికి నా చేతుల్లో పోయింది. అదే రోజు ఈ సైటు ఉండుంటే? ఆవిడ అక్కడ పోతుంటే, నేను ఇంట్లో కూర్చుని 'మొదటినుంచి ప్రారంభించండి' వింటూ ఉండేదాన్ని."

"నాకు తెలీదా అది?"

"తెలిసే పెట్టారా సంతకం?"

"అన్నం చల్లారిపోతోంది."

"చల్లారనివ్వండి. నలభై మంది పిల్లలకి చెయ్యి పట్టకుండా బ్రెయిలీ నేర్పిన మాస్టారు మీరు. 'తప్పైనా సరే, నీ వేలితో నువ్వే వెతుక్కో' అనేవారు. ఆ మనిషేనా ఈ మనిషి?"

"ఒక మాట అడుగుతాను. కోప్పడకూడదు."

"అడగండి."

"హాస్టల్లో నీ పక్కమంచం అమ్మాయి... కంటి ఆపరేషన్ అయ్యాక వెళ్ళిపోయిందే..."

"దాని ఊసు ఇప్పుడెందుకు?"

"ఊరికే. నీకు చెప్పి వెళ్ళిందా?"

"చెప్పలేదు. చూపొచ్చింది, వెళ్ళిపోయింది. దాని దువ్వెన కూడా మంచం మీదే వదిలేసింది. చేత్తో తడిమి చూస్తే పరుపు చుట్టి ఉంది, దువ్వెన ఉంది, మనిషి లేదు. వెళ్ళేవాళ్ళు చెప్పి వెళ్ళరు మాస్టారూ, వెళ్ళాక మనకే తెలుస్తుంది. మాట మార్చకండి."

"మార్చలేదు."

"మార్చారు. జరగండి."

"ఎక్కడికి?"

"మీ కుర్చీలోంచి. మీ కంప్యూటరు మీదే, మీ చిలకతోనే చేసి చూస్తాను."

"ఇప్పుడెందుకు? తినొచ్చాక..."

"జరగమంటున్నానా? ఆ... ఇదేంటి?"

"ఏది?"

"మౌసు. మన బల్లమీద మౌసెందుకుంది? చేతికి అడ్డమొస్తోందని చేరిన రోజే రెండూ సొరుగులో పడేశాం కదా."

"పక్కగది చిట్టి తీసి ఉంటుంది."

"తెర కూడా వెచ్చగా ఉంది. మనం ఎప్పుడైనా తెర వేశామా?"

"అదీ చిట్టే వేసి ఉంటుంది."

"చిట్టీ! ఓ చిట్టీ! ఒక్కసారి ఇలా రా!"

"వస్తున్నా మేడం... తింటున్నాను, చెయ్యి కడుక్కుని..."

"తర్వాత కడుక్కోవచ్చు. ఈ సైటు తయారుచేసింది మీరే కదా?"

"మా జట్టు మేడం. తేదీ పెట్టె మాత్రం నేనొక్కదాన్నే చేశాను."

"మాస్టారి పరీక్షప్పుడు పక్కన కూర్చుంది నువ్వేనా?"

"నేనే. కానీ ఒక్క మాట కూడా అందించలేదు మేడం, ఒట్టు! పక్కనున్నవాళ్ళు నోరు విప్పితే పరీక్ష రద్దని మొదటిరోజే చెప్పారు కదా మీరు. దగ్గొచ్చినా బయటికెళ్ళి దగ్గుతాను."

"నోరు సరే. చెయ్యి? మౌసు ముట్టుకున్నావా?"

"లేదు మేడం. అసలు తేదీ పెట్టె వచ్చేసరికి నేను గదిలోనే లేను. మాస్టారు టీ తెమ్మన్నారు. తెచ్చేలోపే అయిపోయింది. పదిహేడో తేదీ, ఈ కంప్యూటరు నుంచే, రికార్డులో ఉంది."

"మాస్టారు టీ మానేసి రెండేళ్ళయింది."

"నాకు ఉన్నట్టుండి తాగాలనిపించింది. అదీ తప్పేనా?"

"మీరుండండి. చిట్టీ, ఆ పెట్టెని కీబోర్డుతో దాటొచ్చా?"

"అంటే... మేడం..."

"చిట్టీ."

"చెప్తే మేనేజరు సారు నన్ను బతకనివ్వరు."

"చెప్పకపోతే నేను బతకనివ్వను."

"కీబోర్డుకి ఇంకా కలపలేదు మేడం. టైము చాల్లేదు. మౌసుతో బాణాన్ని ఆ గడి మీదికి తీసుకెళ్ళి నొక్కితేనే పడుతుంది. కానీ నేను కళ్ళు మూసుకుని చేసి చూశాను మేడం, మొదటిసారే దాటాను..."

"గడులు పేర్చింది నువ్వు. ఏది ఎక్కడుందో నీ చేతికి తెలుసు."

"అవును. మర్నాడు గడులు అటూ ఇటూ మార్చి చూశాను. రాలేదు. అప్పట్నుంచీ నాకు అన్నం సయించట్లేదు."

"ఇప్పుడు తింటున్నావుగా."

"బలవంతంగా మేడం."

"మరి మాస్టారెలా దాటారు?"

"నాకూ అదే ఆశ్చర్యం. పరీక్ష కాగితంలో పదిహేడే కావాలని ఉంది. సరిగ్గా పదిహేడే పడింది."

"ఆపరేటరూ, సాయంత్రం ఇంటికెళ్ళాక నీకంతా చెప్తాను. ఇక్కడొద్దు."

"చెప్పక్కర్లేదు. నాకు అర్థమైంది."

"ఏం అర్థమైంది?"

"చిట్టి టీకి వెళ్ళింది. మేనేజరు వచ్చాడు. మీ చెయ్యి పట్టుకుని నడిపించాడు."

"లేదు."

"నడిపించాడు, మీరు నడిపించనిచ్చారు! రోడ్డు దాటేటప్పుడు కూడా ఎవర్నీ మోచెయ్యి పట్టుకోనివ్వని మనిషి!"

"అలా కాదు. నువ్వనుకున్నట్టు కాదు."

"మరెలా?"

"ఇంటికెళ్ళాక."

"ఇంటికెళ్ళాక, ఇంటికెళ్ళాక! ఆ ఇంట్లో కొత్తగా ఏముందని?"

"మేడం, మేడం... సారొస్తున్నారు."

"ఏంటమ్మా, భోజనాలప్పుడు సభ పెట్టారు? కాగితం అయిందా?"

"అయింది మేనేజరు గారూ. నా పేరుకెదురుగా 'తప్పింది' అని రాసుకోండి."

"అదెలా కుదురుతుందమ్మా? మాస్టారు దాటారు. అదే సైటు, అలాంటి కంప్యూటరే. ఆయనకి వచ్చింది మీకు రాలేదంటే, లోపం సైటుదా, మీదా?"

"సైటుది."

"సార్, ఆ తేదీ పెట్టె నేనే..."

"చిట్టీ, నువ్వాగు. అమ్మా, ఆసుపత్రివాళ్ళు కింద కూర్చుని ఉన్నారు. రేపు పొద్దున తెరుస్తామని అందరికీ చెప్పేసుకున్నారు. సరిచేసి ఇవ్వాలంటే వారం పడుతుంది. వారం వాళ్ళు ఆగలేరు."

"వాళ్ళు వారం ఆగలేరు, మేం జన్మంతా ఆగాలా?"

"ఎంతమందమ్మా? వందలో ఒకరో ఇద్దరో..."

"ఆ ఒకరిద్దరి కోసమే కదా నన్ను పెట్టుకున్నారు. తక్కిన తొంభై ఎనిమిదిమంది కోసం అయితే నేనెందుకు మీకు? దారిన పోయేవాళ్ళని ఎవర్ని పిలిచినా సంతకం పెడతారు."

"ఇంకా చాలా సైట్లు వస్తాయి. అవన్నీ మీరే చూడొచ్చు. ఈ ఒక్కదానికి..."

"ఈ ఒక్కదానికే పెట్టను. లోపల మనిషి ఉండి, బయట మనిషి ఉండి, మధ్యలో ఈ పెట్టె ఉంటుంది చూడండి, దానికి నేను సంతకం పెట్టను."

"చివరిసారి అడుగుతున్నాను."

"నేనూ చివరిసారే చెప్తున్నాను. నా సంతకం కావాలంటే నా చెయ్యి పట్టుకుని పెట్టించాలి మీరు. మా ఆయనకి చేసినట్టు."

"ఏమన్నారు?"

"విన్నదే. చిట్టి వెళ్ళాక మీరు ఈ గదిలోకి వచ్చారు. తెర వేశారు. ఆయన చేతికి మౌసిచ్చి, పైన మీ చెయ్యి వేసి నొక్కించారు."

"నేనా! మాట జాగ్రత్తమ్మా. పదింటి నుంచి కింద ఆసుపత్రివాళ్ళతోనే కూర్చున్నాను. ఆరుగురు సాక్షులున్నారు నాకు."

"నాకు మౌసు సాక్షి."

"ఆపరేటరూ, వద్దు. ఊరుకో."

"ఊరుకోను. ఎన్నాళ్ళు ఊరుకుంటాం?"

"చిట్టీ, విన్నావు కదా? పెద్దావిడ కదా అని ఇన్నాళ్ళూ ఓపిక పట్టాను. నేను దొంగ పరీక్ష చేయించానని నా మొహం మీదే అంటారా? సరే అమ్మా. రేపట్నుంచి మీరు రానక్కర్లేదు. అబద్ధపు నింద వేశారని రాసి పైకి పంపుతాను. మాస్టారి సంతకం ఉంది. రెండోది ఇంకొకళ్ళని పిలిచి పెట్టించుకుంటాను."

"పెట్టించుకోండి. నేను వెళ్ళి ఆ ఆసుపత్రి గేటు దగ్గర కూర్చుంటాను. ఎవర్ని ఆపితే వాళ్ళకి చెప్తాను, ఈ పెట్టె ఎలా దాటిందో. మైకు కూడా అక్కర్లేదు నాకు."

"కూర్చో ఆపరేటరూ. చేతులు వణుకుతున్నాయి నీకు."

"కోపంతో వణుకుతున్నాయి, భయంతో కాదు. అయినా నా చేతులు వణుకుతున్నట్టు మీకెవరు చెప్పారు?"

"సార్... నేను సంతకం పెట్టిన ఆ కాగితం ఇలా ఇవ్వండి."

"ఆ, మీరైనా చెప్పండి మాస్టారూ ఆవిడకి."

"మీరు మాట్లాడకండి మాస్టారూ! ఇంకా ఆయన్నే వెనకేసుకొస్తారా?"

"వెనకేసుకు రావట్లేదు. సాయంత్రం చెప్తాను, సాయంత్రం చెప్తాను అని నాలుగు నెలలుగా రోజూ అనుకుంటూనే ఉన్నాను. నువ్వు మంచం తడిమి చూసుకుంటావని భయమేసింది."

"ఏం చెప్తారు? మాస్టారూ, ఏం చెప్తారు?"

"నా సంతకం కొట్టేయండి సార్. ఆవిడ ఉద్యోగం తియ్యకండి, తీస్తే నాది తియ్యండి. నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. తెర నేనే వేసుకుని, పదిహేడు ఎక్కడుందో ఈ ఎడమకంటితో చూసి నొక్కాను."